దన్న, గేషా, మధ్యలో పద్దుపుస్తకం

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా: జపాన్‌లో విందుల్లో ఆటపాటలతో అతిథులను అలరించే గేషాలకూ వారిని పోషించిన ధనవంతులకూ మధ్య పెత్తనం నిజానికి ఎవరిది? ఒక సినిమాలో వారు డబ్బిచ్చి కొన్న బానిసల్లా కనిపిస్తారు, మరొక సినిమాలో మంత్రులను సైతం ఆడించే మహారాణుల్లా కనిపిస్తారు. ఇందులో ఏది నమ్మాలి? జపనీస్ నేర్చుకుని, క్యోటోలో చాలా ఏళ్లు వ్యాపార సంస్థలకు దుబాసీగా పనిచేసినవాణ్ణి కాబట్టి, చదివిన దానికి కళ్లారా చూసినది కొంత జోడించి చెబుతున్నాను. మీ ప్రశ్నలో ఇద్దరే ఉన్నారు. ఆ లోకంలో మాత్రం ఎప్పుడూ మూడో మనిషి ఒకరుంటారు. ఆమె సాధారణంగా వయసు మళ్లిన స్త్రీ, పద్దుపుస్తకం ఆమె దగ్గర ఉంటుంది. ఆమెను పక్కన పెట్టి గేషాను, పోషకుణ్ణి మాత్రమే చూస్తే రెండు సినిమాలూ నిజమే అనిపిస్తాయి.

ముందు మాటల సంగతి. పోషకుణ్ణి జపనీస్‌లో ‘దన్న’ అంటారు. ఇది మనకు పరాయి మాట కాదు. ‘దానం’ అనే సంస్కృత పదమే బౌద్ధంతో పాటు చైనా మీదుగా జపాన్ చేరి, మొదట భిక్షువులకు దానమిచ్చే దాత అనే అర్థంలో నిలిచి, తరవాత దుకాణం యజమానికీ, ఇంటి యజమానికీ, భర్తకూ వర్తించి, చివరికి గేషాను పోషించే మగవాడికి కూడా పేరైంది. దాత, యజమాని, మగడు ముగ్గురూ ఒకే మాటలో ఇమిడి ఉన్నారు కాబట్టి, ఒక సంబంధంలో వారిలో ఎవరి పాలు ఎంత అన్నదే మీరు అడిగిన విషయమని చెప్పవచ్చు. ఇక ‘గే’ అంటే కళ, ‘షా’ అంటే మనిషి. తొలి గేషాలు మగవారే. విందుల్లో హాస్యమాడుతూ, వాద్యం వాయిస్తూ అతిథులను ఉల్లాసపరిచేవారు. 18వ శతాబ్దం మధ్యలో స్త్రీలు ఈ వృత్తిలోకి వచ్చి కొద్ది కాలంలోనే వారిని మించిపోయారు. ఎదో (నేటి టోక్యో) నగరంలోని యోషివారా అనే లైసెన్సు వేశ్యావాడలో 1779లో గేషాల నమోదు కార్యాలయాన్ని పెట్టినప్పుడు, అక్కడి వేశ్యల బేరానికి గేషాలు పోటీ రాకూడదన్నది నిబంధన. కాగితం మీద అప్పటినుంచీ రెండు వృత్తులూ వేరే. కాగితం దాటిన చోట ఏం జరిగేదన్నది ఆ అమ్మాయి పేరు మీద ఎంత అప్పు ఉందన్న దాన్ని బట్టి ఉండేది.

ఆ అప్పు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మిగతాదంతా దాని మీదే నిలబడి ఉంది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఒక పేద కుటుంబం తన పిల్లను గేషా ఇంటికి (దాన్ని ‘ఓకియ’ అంటారు) అప్పగించేటప్పుడు, తండ్రి చేతికి ముందుగా కొంత సొమ్ము ముట్టేది. ఆ సొమ్ము తండ్రికి చేరేది, పద్దు మాత్రం పిల్ల పేరు మీద రాసేవారు. అక్కడినుంచి ఆమె తిన్న అన్నం, నేర్చుకున్న నాట్యం, షమిసెన్ వాద్యం గురువుకిచ్చిన రుసుము, కట్టిన ప్రతి కిమోనో అదే పద్దులోకి ఎక్కేవి. ఓకియ యజమానురాలిని అందరూ ‘అమ్మ’ అనే అర్థం వచ్చే ‘ఓకాసాన్’ అని పిలుస్తారు. ఆ పిలుపులో నిజమైన ఆప్యాయత కూడా చాలాచోట్ల ఉండేది, కాని ఆ అమ్మ దగ్గర లెక్క తప్పేది కాదు. దేవదాసీ వ్యవస్థతో పోలిక మనవాళ్లు తరచుగా తెస్తుంటారు. పైకి పోలికలు ఉన్నా, అక్కడ గుడి ఉంది, మాన్యం ఉంది. ఇక్కడ ఉన్నది అప్పు ఒక్కటే.

ఈ లెక్క ఎంత దూరం వెళ్లేదో సువా అనే వేడినీటి బుగ్గల పట్టణంలో గేషాగా బతికిన మసుదా సయో జీవితం చెబుతుంది. 1925లో పుట్టిన ఆమె పసితనంలో ఒక భూస్వామి ఇంట పిల్లల్ని ఎత్తుకునే పనిలో ఉండి, పన్నెండేళ్లకు గేషా ఇంటికి అమ్ముడైంది. చదువు అన్నది ఎరగని ఆ మనిషి పెద్దయ్యాక అక్షరాలు నేర్చుకుని తన కథ తానే రాసుకుని 1957లో అచ్చు వేయించింది. అందులో పోషకుల వైభవం కన్నా చలి, ఆకలి, దెబ్బలు ఎక్కువ. తొలి రాత్రిని ‘మిజుఅగె’ అనేవారు. జాలర్లు పడవలోంచి చేపలను ఒడ్డుకు దించడానికి వాడే మాట అది, వ్యాపారంలో వచ్చిన మొత్తం రాబడికి కూడా అదే మాట. ఒక్కసారే ఉండవలసిన ఆ ‘తొలి’ రాత్రిని ఆమె యజమానురాలు ఒకరికి మించిన మగవాళ్లకు అమ్మింది. ఇక్కడ బేరం ఆడినది ఎవరితో ఎవరో గమనించండి. మగవాడు మాట్లాడింది యజమానురాలితో, సొమ్ము వెళ్లింది యజమానురాలికి, అమ్మాయికి తెలిసింది రేపు ఎవరొస్తారన్న సంగతి మాత్రమే. అయితే మసుదా అనుభవాన్ని క్యోటోలో పేరున్న గేషాల వాడ గియోన్‌కు ఉన్నదున్నట్టు అంటగట్టకూడదు. బుగ్గల పట్టణాల గేషాలను పెద్ద నగరాల గేషాలు తమ సాటివారుగా ఎన్నడూ లెక్కపెట్టలేదు. గియోన్‌లో పేరు మోసిన ఇవాసాకి మినెకో, ఒక అమెరికన్ రచయిత తన జీవితాన్ని ఆధారం చేసుకుని నవల రాసి, అందులో మిజుఅగెను వేలంపాటగా చూపించి తన పరువు తీశాడని 2001లో దావా వేసింది. 2003లో అది కోర్టు బయట రాజీతో ముగిసింది. ఆమె మాటా నిజమే కావచ్చు, మసుదా మాటా నిజమే. ఇద్దరూ ఒకే వృత్తిలో వేరువేరు అంతస్తుల నుంచి మాట్లాడారు.

చట్టం ఈ అప్పును ఎలా చూసిందన్నది జపాన్ చరిత్రలో నాకు అన్నిటికన్నా విచిత్రంగా తోచే ఘట్టం. 1872లో చైనా కూలీలను తీసుకెళుతున్న మరియా లూజ్ అనే పెరూ ఓడ యోకోహామా రేవులో ఆగింది. ఆ కూలీలను జపాన్ అధికారులు విడిపించబోతే, మీ దేశంలో ఆడపిల్లల్ని ఇలాగే ఒప్పందాలు రాసి అమ్ముకుంటున్నారు గదా, మమ్మల్ని ఎలా తప్పుపడతారని ఎదుటి పక్షం వాదించింది. పరువు పోతుందన్న భయంతో ప్రభుత్వం అదే ఏడాది వేశ్యలను, గేషాలను విడుదల చేస్తూ ఆజ్ఞ జారీ చేసింది. దాని వెంట వచ్చిన న్యాయశాఖ ప్రకటన చెప్పిన కారణం ఇది: ఈ స్త్రీలు మనుషులకుండే హక్కులు కోల్పోయి ఆవులు, గుర్రాలతో సమానమయ్యారు, ఆవులను, గుర్రాలను బాకీ కట్టమని ఎవరూ అడగరు కనుక, వీరినీ అడగరాదు. స్వేచ్ఛ ఇచ్చిన మాటలోనే అంత అవమానం ఉంది. జనం దానికి ‘పశువుల కట్లు విప్పిన ఆజ్ఞ’ అని పేరు పెట్టుకున్నారు. కట్లు విప్పినట్టే విప్పి, కొద్ది కాలంలోనే కొత్త నిబంధనల కింద అదే వ్యాపారం మళ్లీ మొదలైంది. 1900లో అత్యున్నత న్యాయస్థానం, వేశ్యావృత్తి చేయాలన్న ఒప్పందం చెల్లదు గాని తీసుకున్న అప్పు మాత్రం చెల్లుతుందని తీర్పు చెప్పింది. అంటే వెళ్లే హక్కు ఉంది, బాకీ తీర్చకుండా వెళ్లే దారి లేదు. 1955 అక్టోబరులో సుప్రీంకోర్టు, ఒక తండ్రి కూతురిని పానశాలలో పనికి పెట్టి తీసుకున్న అప్పు కేసులో, పనీ అప్పూ విడదీయరానివి కాబట్టి రెండూ చెల్లవని తేల్చేదాకా ఆ ముడి వీడలేదు.

ఇక డబ్బు ఏ దారిన నడిచేదో చూద్దాం. గేషాను ఎవరూ నేరుగా పిలిపించుకోలేరు. విందు జరిగేది ‘ఓచయ’ అనే ఇంట్లో. పేరుకు టీ ఇల్లు గాని, అక్కడ టీ వ్యాపారం ఏమీ ఉండదు. ముక్కూ మొహం తెలియని కొత్తవాళ్లను అది లోపలికి రానివ్వదు, ఎంత డబ్బున్నా సరే. పాత అతిథి ఒకరు వెంట తీసుకొచ్చి పరిచయం చేయాలి. కొత్తవాడు తప్పుగా ప్రవర్తించినా, బాకీ ఎగ్గొట్టినా తీసుకొచ్చినవాడి పరువు పోతుంది. ఒకసారి ఒక ఇంటికి అలవాటైతే ఆ వాడలో ఇంకో ఇంటి గడప తొక్కకూడదు. గేషా వచ్చినందుకు ఇచ్చేదాన్ని ‘పూల సొమ్ము’ అంటారు. పూర్వం ఒక్కో గేషా పేరున ఒక అగరువత్తి వెలిగించి, ఎన్ని వత్తులు కాలితే అంత కాలానికి లెక్క కట్టేవారు. ఆ లెక్కంతా ఓచయ యజమానురాలు రాసుకుంటుంది. వంట వండి పంపిన ఇంటికీ, అతిథి తిరిగి వెళ్లే కారుకూ, ఓకియకూ ముందు ఆమే చెల్లించి, తరవాత ఎప్పుడో అతిథికి బిల్లు పంపుతుంది.

దుబాసీగా నేను మొదటిసారి అలాంటి విందుకు వెళ్లినప్పుడు, వచ్చిన విదేశీ అతిథి ఒకరు భోజనం అయ్యాక అలవాటుగా పర్సు తీసి బిల్లు అడిగారు. గదిలో ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. పక్కనున్న గేషా సాకే (బియ్యంతో చేసే మద్యం) గిన్నె అందుకుని, ఆయన అడిగింది ఇంకొంచెం పోయమనే అన్నట్టు నవ్వుతూ పోసింది. ఆ తరవాత నాకు నెమ్మదిగా అర్థమైంది: బిల్లు కనబడకపోవడమే ఆ ఇంటి మర్యాద, ఆ ఇంటి పట్టు కూడా. ఎవరు ఏ రాత్రి ఎవరితో వచ్చారో, ఎంత ఖర్చు పెట్టారో, ఎవరి బిల్లు ఇంకా రాలేదో అన్నీ ఒక స్త్రీ మనసులో, ఒక పుస్తకంలో ఉంటాయి. వెళ్లేటప్పుడు ఒక గేషా నాకు తన పేరు ముద్రించిన చిన్న అంటించే చీటీ ఇచ్చింది. పర్సులో పెట్టుకుంటే డబ్బు నాట్యమాడుతూ వచ్చి చేరుతుందట. నాట్యానికీ, గేషాగా శిక్షణ పొందే అమ్మాయికీ (ఆమెను ‘మైకో’ అంటారు) ఉన్న ‘మై’ అనే ధ్వని మీద ఆడిన శ్లేష అది.

దన్నగా ఉండాలనుకున్న మగవాడు ఈ ఓచయ యజమానురాలి దగ్గరికే వెళ్లి చెప్పుకోవాలి. ఆమె ఓకియతో మాట్లాడుతుంది. నెలకు ఎంత, కిమోనోలకు ఎంత, నాట్య ప్రదర్శనల టిక్కెట్లు ఎన్ని కొంటాడు, అన్నీ వారి మధ్య తేలుతాయి. క్యోటో గియోన్‌లో 1872లో మొదలై వసంతంలో జరిగే ‘మియాకో ఒదోరి’ లాంటి ప్రదర్శనల కాలంలో ఖర్చులు బాగా పెరుగుతాయి. ఇవన్నీ భరించగలిగినవాడు సాధారణంగా వయసు మళ్లిన, పెళ్లయిన, దుకాణమో మిల్లో ఉన్నవాడే. అతనికి ఆ స్త్రీ మీద అధికారం లేదని నేను అనను. అప్పులో ఉన్న పదిహేడేళ్ల పిల్లకు, అతను వద్దంటే ఆ మాట చెప్పే నోరు ఎక్కడిది? అయితే అతని అధికారానికి కొన్ని వింత హద్దులు ఉండేవి. దన్న అయినంత మాత్రాన ఆమె విందులకు వెళ్లడం మానదు, మిగతా మగవాళ్లకు సాకే పోయడం మానదు. ఆమె పేరు ఎంత పెరిగితే అంత అతని ప్రతిష్ఠ కనుక, ఆమె మానాలని అతనూ కోరడు. ఈర్ష్య పడితే వాడలో నవ్వులపాలవుతాడు. పిసినారి అన్న పేరు వచ్చిందా, ఇంకో గేషా అతని వంక చూడదు. డబ్బు ఇచ్చి అతను కొన్నది ఒక మనిషిని అనుకుంటే పొరపాటు. ఉదారుడన్న పేరును కొంటున్నాడు, ఆ పేరు ఇచ్చే చేతులు ఆ వాడ స్త్రీలవి. అప్పు తీరి సొంతంగా నిలబడిన గేషాకు కథ మరీ మారుతుంది. తన కిమోనోలు తనవి, దన్నను వద్దనుకుంటే ఓచయ యజమానురాలి ద్వారానే మర్యాదగా ఆ మాట చెప్పించవచ్చు. ఆమెకు కూతురు పుడితే వాడలో సంతోషిస్తారు, ఎందుకంటే ఈ ఇళ్లు తల్లి నుంచి కూతురికి, లేదా పెంచుకున్న కూతురికి సంక్రమిస్తాయి. జపాన్‌లో మిగతా అన్ని ఇళ్లలో కొడుకు కోసం ఎదురు చూసిన రోజుల్లో ఇది చిన్న సంగతి కాదు.

చరిత్రలో పేరు మిగిలినవారిని చూస్తే ఈ తేడాలు బాగా తెలుస్తాయి. 1864లో క్యోటోలో తిరుగుబాటు విఫలమై తలదాచుకుంటున్న కత్సురా కొగోరోకు నిజో వంతెన దగ్గర అన్నం ముద్దలు తెచ్చి ఇచ్చిందని చెప్పుకునే గేషా ఇకుమత్సు, తరవాత అతను కిదో తకయోషి పేరుతో కొత్త ప్రభుత్వంలో ముఖ్యుడయ్యాక అతని భార్య అయింది. అధికారం లేని రోజుల్లో అతన్ని కాపాడింది ఆమె కాబట్టి ఆ సంబంధాన్ని పోషణ అనలేం. జపాన్ తొలి ప్రధాని ఇతో హిరోబుమి, టోక్యోలోని యోషిచో అనే గేషాల వాడలో సదా అనే అమ్మాయికి ఆమె పదిహేను పదహారేళ్ల వయసులో మిజుఅగె పోషకుడయ్యాడు. ఆమె వద్దనగలిగేదా అన్న ప్రశ్నే అక్కడ లేదు. ఆమెను పెంచుకున్న ఇంటి యజమానురాలికి అది ఆ ఏటి పెద్ద విజయం. అదే సదా కొన్నేళ్లకు ఆ బంధం దాటి, కవకామి ఒతోజిరో అనే నటుణ్ణి పెళ్లాడి, 1900లో పారిస్ ప్రపంచ ప్రదర్శనలో సదాయక్కోగా యూరప్‌ను ఆకట్టుకుంది. 1904లో అమెరికన్ బ్యాంకర్ జె.పి. మోర్గాన్ బంధువు జార్జ్ మోర్గాన్, గియోన్ గేషా యుకిని పెళ్లి చేసుకోవడానికి ఆమెను విడిపించినప్పుడు 40,000 యెన్లు ఇచ్చాడని పత్రికలు రాశాయి. ఆమె అంతకుముందు చాలాసార్లు నిరాకరించింది. కాదనడం ఆమెకు సాధ్యమైంది. చివరికి ఒప్పుకున్నందుకు పత్రికలు ఆమెనే తిట్టాయి గాని, ఇచ్చినవాణ్ణి కాదు.

మౌనం గురించి చెప్పకపోతే ఈ సమాధానం సగమే అవుతుంది. గేషా విన్నది బయట చెప్పదన్న నమ్మకం మీదే టోక్యోలోని అకసాకా, షింబాషి విందు గదుల్లో దశాబ్దాల తరబడి రాజకీయాలు నడిచాయి. ఆ మౌనం 1989 జూన్‌లో తెగింది. ఉనో సోసుకె ప్రధాని అయిన కొద్ది రోజులకే, ఆయన ఒకప్పుడు డబ్బు ఇచ్చి పెట్టుకున్న గేషా ఒక వారపత్రికకు తన కథ చెప్పింది. తన మూడు వేళ్లు పట్టుకుని, ఇంతకు ఒప్పుకుంటావా అని అడిగాడని ఆమె చెప్పింది. ఆ మూడు వేళ్లకు అర్థం నెలకు 3 లక్షల యెన్లు. అప్పటికే రిక్రూట్ అనే కంపెనీ లంచాల కుంభకోణం, కొత్త అమ్మకపు పన్నుల వల్ల కోపంగా ఉన్న ఓటర్లు జులై ఎగువసభ ఎన్నికల్లో పాలకపక్షానికి ఆధిక్యం పోగొట్టారు, ఆయన 69 రోజులకే దిగిపోయాడు. నాకు ఆసక్తి కలిగించింది ఆ వాడల్లోని పాతవాళ్ల కోపం. నోరు విప్పినందుకు ఆమెను తప్పుపట్టారు సరే, మధ్యలో ఓచయ పెద్దమ్మ లేకుండా తానే వేళ్లు పట్టుకుని బేరం ఆడినందుకు, అదీ పిసినారిగా ఆడినందుకు, ఆయన్నూ అంతే తప్పుపట్టారు. పద్ధతి ప్రకారం జరిగి ఉంటే ఆమె మాట్లాడేది కాదని వారి లెక్క. పద్ధతి కాపాడేది ఎవరినో ఆ లెక్కలోనే ఉందని నాకనిపిస్తుంది.

నేడు దన్న దాదాపు కనుమరుగయ్యాడు. 1944లో యుద్ధం కోసం మూసేసిన వాడలు యుద్ధం ముగిశాక తెరుచుకున్నా, భూసంస్కరణలతో, పెద్ద వ్యాపార కుటుంబాల సంస్థలను ముక్కలు చేయడంతో పాత ధనికులు చాలామంది దెబ్బతిన్నారు. 1947లో పదిహేనేళ్ల దాకా చదువు తప్పనిసరి కావడం, పిల్లల రక్షణ చట్టాలు రావడంతో పన్నెండేళ్ల పిల్లను పనికి పెట్టడం కుదరలేదు. 1958 ఏప్రిల్ నుంచి వ్యభిచార నిరోధక చట్టంలోని శిక్షలు అమలులోకి వచ్చాయి. ఒక మనిషి పోషించే చోట కంపెనీ ఖర్చు ఖాతా వచ్చి కూర్చుంది. కంపెనీ ఎవరి మీదా మనసు పడదు కాబట్టి గేషాకు అది ఊరటే. అయితే కంపెనీ ఆమె నాట్యం రుసుముకు గాని, కొత్త కిమోనోకు గాని డబ్బు పెట్టదు, చెడు కాలం రాగానే మొదట కోసేది విందుల ఖర్చునే. 1920లలో దేశమంతటా సుమారు 80,000 మంది గేషాలు ఉండగా, ఇప్పుడు ఆ సంఖ్య వెయ్యి చుట్టూ ఉందంటారు. దన్న పోయినా ఓకియ పద్దు మాత్రం కొంత మిగిలింది. క్యోటోలో శిక్షణలో ఉన్న అమ్మాయి ఐదారేళ్లు జీతం లేకుండా ఆ ఇంట ఉంటుంది. తిండి, బట్ట, చదువు ఓకియవి, ఆమె సంపాదన ఓకియది. 2022 జూన్‌లో అలాంటి శిక్షణ మధ్యలో మానేసిన ఒక యువతి, తనకు పదహారేళ్లప్పుడే అతిథులు మద్యం పట్టించారని, వారితో కలిసి స్నానానికి రమ్మన్నారని బయటపెట్టినప్పుడు పెద్ద దుమారం రేగింది. ఆ మాటలు చదువుతుంటే నాకు 1900 నాటి తీర్పు గుర్తొచ్చింది, వెళ్లవచ్చు గాని లెక్క తేలాక అన్నది.

కాబట్టి ఒక గేషా, ఒక పోషకుడి కథ మీరు ఎక్కడ చదివినా, వారిలో ఎవరు బలవంతులని అడగకముందు, ఆమె అప్పు తీరిందా, ఆ సంబంధాన్ని కుదిర్చింది ఎవరు, కిమోనోలు ఎవరి పెట్టెలో ఉన్నాయి అని చూడమంటాను. చివరగా ఒక ఆచారం చెప్పి ఆపుతాను. గేషా వృత్తి మానేటప్పుడు, పోషకుడితో ఇల్లు పెట్టుకోవడానికో పెళ్లికో వెళ్లేటప్పుడు, తన గురువులకూ ఓచయలకూ వండిన అన్నం పెట్టెల్లో పంపుతుంది. అది పూర్తిగా తెల్లటి అన్నమైతే ఇక తిరిగి రానని అర్థం. వెళ్లే చోట ఏమవుతుందో నమ్మకం లేనివాళ్లు అందులో కొంచెం ఎర్ర చిక్కుడు గింజల అన్నం కలుపుతారు.